ఆఫ్రికా సేవాయాత్రకు పిల్లల్ని పంపేముందు

సంపాదకులకు,

పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఆఫ్రికాలో వారం రోజులు పల్లెసేవ, ఆపైన నాలుగు రోజులు సఫారీ అంటూ వచ్చే ప్యాకేజీల విషయంలో తల్లిదండ్రులు ఖర్చెంత, భద్రత ఏమిటి అని అడుగుతారు. పిల్లలు అక్కడ చేసే పనేమిటి, వాళ్లు తిరిగొచ్చేశాక అది ఎవరికి పనికొస్తుంది అని కూడా అడగాలి. డబ్బు కట్టేముందు అడగాలి.

చాలా ప్యాకేజీల్లో బడి గోడ కట్టడం, రంగు వేయడం, ఇంగ్లిషు చెప్పడం ఉంటాయి. తాపీ పని రాని పిల్లలు సులువుగా కలుస్తుందని మాలులో నీళ్లు ఎక్కువ పోస్తారు, దాంతో దాని బలం పోతుంది. గోడ నిటారుగా రాదు. చివరి రోజు కట్టిన వరసను కనీసం ఏడు రోజులు తడపాలి, అప్పటికి వీళ్లు విమానం ఎక్కేసి ఉంటారు. స్థానిక మేస్త్రీకి కూలి ఇచ్చి, ఆయన చెప్పినట్టు ఇటుకలు అందించడం, నీళ్లు మోయడం వరకైతే మంచిదే. ఇక బోధన. టాంజానియాలో జూన్ నెల బడి సెలవులు, కెన్యాలో ఏప్రిల్, ఆగస్టుల్లో సెలవులు వస్తాయి. ఆ రోజుల్లో బోధన అని రాసి ఉంటే ఎవరికి చెబుతారో నిలదీయండి.

అనాథాశ్రమంలో సేవ అని ఉంటే ఆ ప్యాకేజీ వద్దే వద్దు. అలాంటి చోట్ల ఉండే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. వచ్చేపోయేవాళ్ల విరాళాల కోసమే పిల్లల్ని ఇళ్ల నుంచి తెచ్చి పెట్టుకునే సంస్థలున్నాయి. దక్షిణాఫ్రికాలో సింహం పిల్లలకు పాలు పట్టించే 'సేవ' కూడా ఇలాంటిదే. మనుషులకు మచ్చికైన ఆ పిల్లలను అడవిలో వదలలేరు. పెరిగాక వాటిలో చాలా వాటికి, డబ్బు కట్టినవాళ్లు కంచెలోపల ఆడే వేటే గతి.

మరి చేయదగిన పని ఏది? సఫారీలో పిల్లలు ఫోటో తీసుకునే ఏనుగే రాత్రి ఒక రైతు మొక్కజొన్న చేనులో పడుతుంది. పార్కుకీ పొలానికీ మధ్య ఉన్న ఆ అంచునే పని ఉంది. కెన్యాలో త్సావో ఈస్ట్ నేషనల్ పార్కు పక్కనున్న సగల్లాలో ఏనుగుల పరిశోధకురాలు లూసీ కింగ్ తేనెపెట్టెల కంచెను రైతులతో కలిసి తీర్చిదిద్దారు. చేను చుట్టూ పది మీటర్లకొకటి చొప్పున పెట్టెలు వేలాడదీసి, అన్నిటినీ తీగతో కలుపుతారు. ఖర్చు తగ్గడానికి ఒకటి విడిచి ఒకటి ఉత్తుత్తి పెట్టె కడతారు. ఏనుగు తీగను నెడితే పెట్టెలు ఊగి తేనెటీగలు లేస్తాయి. తొండం లోపలా కళ్ల చుట్టూ కుడితే అది తట్టుకోలేదు, వెనక్కి తిరుగుతుంది. రైతుకు తేనె అదనపు రాబడి.

గుంతలు తవ్వడం, గుంజలు పాతడం, పెట్టెలకు నీడగా కప్పు వేయడం, తీగ బిగించడం పిల్లలు చక్కగా చేయగలరు. ఈగలు చేరిన పెట్టెల జోలికి మాత్రం పోకూడదు. తేనెటీగ కుడితే ఒళ్లంతా దద్దుర్లొచ్చే, ఊపిరాడని పిల్లలను ఈ పనికి తీసుకోకూడదు. కరువు రోజుల్లో పూలు లేక ఈగలు పెట్టెలు వదిలిపోతాయి, గుంజలకు చెదలు పడతాయి, తేనె కోసం హనీ బ్యాడ్జర్లనే చిన్న జంతువులు పెట్టెలు విరగ్గొడతాయి. మరమ్మతు ఎవరు చేస్తారు, కొత్త తీగకు డబ్బెక్కడిది అని అడిగితే నిర్వాహకుల లోతు తెలిసిపోతుంది.

మసాయి తెగవారి పశువుల దొడ్లదీ ఇదే కథ. సింహం వాసనకు బెదిరిన పశువులు ముళ్లకంపను తోసుకుని బయటపడి దానికి చిక్కుతాయి. ఉత్తర టాంజానియాలో కమిఫోరా అనే చెట్టు కొమ్మలను గుంజలుగా నాటి, వాటికి ఇనుప వల బిగిస్తున్నారు. వానలు మొదలయ్యేటప్పుడు నాటితే కొమ్మలు వేళ్లు తొడిగి చెట్లవుతాయి. నైరోబీ నేషనల్ పార్కు పక్కన పెరిగిన రిచర్డ్ టురేరే పదకొండేళ్లకే పాత కారు బ్యాటరీతో, టార్చిలైటు బల్బులతో వెలిగి ఆరే దీపాలు దొడ్డి చుట్టూ అమర్చి సింహాలను ఆపాడు. అలాంటి దీపాలకు వైర్లు కలపడం పదహారేళ్లవాళ్లకు ఎంతో నచ్చే పని.

సఫారీ సంగతి. కెన్యాలోని మసాయి మారా అభయారణ్యంలో ఒక జంతువు దగ్గర ఐదు బండ్లకు మించి ఉండకూడదు, 25 మీటర్లు ఎడం పాటించాలి. ఇంకాస్త దగ్గరికి పొమ్మని డ్రైవరును బతిమాలవద్దని పిల్లలకు ముందే చెప్పి పంపాలి. 2024 నుంచి అక్కడ విదేశీ పెద్దలకు రోజు రుసుము జనవరి నుంచి జూన్ దాకా 100 డాలర్లు, తర్వాత 200. తొమ్మిది నుంచి పదిహేడేళ్లవారికి 50 డాలర్లే. ఈ తేడా బిల్లులో కనిపిస్తుందో లేదో చూసుకోండి. ఉగాండా, రువాండాల్లో గొరిల్లాలను చూడాలంటే పదిహేనేళ్లు నిండాలి. జలుబు, దగ్గు ఉన్నవాళ్లను ఆ రోజు ఆపేస్తారు, మన జబ్బులు వాటికి సోకుతాయి కాబట్టి.

మార్చి నుంచి మే వరకు తూర్పు ఆఫ్రికాలో పెద్ద వానలు. మారాలోని నల్లరేగడిలో బండ్లు ఇరుసుల దాకా దిగబడతాయి. జూన్ తర్వాత నేల గట్టిపడుతుంది, కానీ టాంజానియాలోని గోరోంగోరో అగ్నిపర్వత బిలం అంచు 2,300 మీటర్ల ఎత్తున ఉంటుంది, తెల్లవారుజామున స్వెటరు లేనిదే ఉండలేరు. నీలం, నలుపు బట్టలు వద్దు, కుట్టే సెట్సీ ఈగలు వాటికే ముసురుతాయి. సైనికుల మచ్చల బట్టలు ఉగాండాలో చట్టవిరుద్ధం. చిన్న విమానాల్లో చేతి సంచితో కలిపి 15 కిలోలే, అదీ మెత్తని సంచిలో. కెన్యాలో పాలిథిన్ సంచులపై 2017 నుంచి నిషేధం ఉంది.

జీతం లేని పనికైనా టాంజానియాలో టూరిస్టు వీసా చాలదు, వేరే అనుమతి కావాలి. టూరిస్టులమని చెప్పమని పిల్లలకు నేర్పే సంస్థను అక్కడే వదిలేయండి. తల్లిదండ్రులిద్దరి సమ్మతి పత్రం నోటరీ చేయించి పిల్లల చేతికివ్వాలి. పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా కనీసం పది రోజుల ముందు వేయించాలి. ఆ టీకా కార్డు లేకుండా కెన్యా, ఉగాండాల నుంచి వస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. కుక్కకాటు టీకా కూడా మంచిది. విక్టోరియా సరస్సులో దిగనివ్వకండి, నీటిలోని పురుగుల వల్ల వచ్చే బిల్హార్జియా జబ్బు పట్టుకుంటుంది.

మలేరియా మాత్ర డాక్టరే ఎంచాలి. డాక్సీసైక్లిన్ వాడితే ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది, పొలం పనికి వెళ్లే పిల్లలకు ఇది ఇబ్బంది. పైగా వచ్చాక నాలుగు వారాలు మింగాలి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే ఏడు రోజులు చాలు. ఇంటికి రాగానే మానేసే పిల్లలే ఎక్కువ, అలా మానేయడం వల్లే జ్వరం తగులుకుంటుంది. తిరిగొచ్చిన మూడు నెలల్లో ఎప్పుడు జ్వరమొచ్చినా, ఏ దేశం వెళ్లొచ్చారో డాక్టరుకు ముందే చెప్పి, ఆ రోజే మలేరియా రక్తపరీక్ష చేయించండి.

ఇట్లు,
విద్యార్థుల సేవాయాత్రల శిక్షకులు