మంత్రిగారూ, ఆ ఒక్క పేజీ ఉత్తరం ఇంకా రాలేదు

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం. గుంటూరు నుంచి రాస్తున్నాను. ప్రత్తిపాడు, మేడికొండూరు మండలాల్లో మిరప కోతకు వెళ్లే ఆడకూలీల కోసం పనిచేసే ఒక చిన్న సంఘానికి కార్యదర్శిని. మీ పేషీకి ఇప్పటికి మూడు అర్జీలు పెట్టుకున్నాను. ఒకదానికి రసీదు ఇచ్చారు, మిగతా రెండింటికి అదీ లేదు. నలుగురూ చదివేలా రాస్తే అయినా మీ దాకా చేరుతుందేమోనన్న ఆశతో ఈ బహిరంగ లేఖ రాస్తున్నాను.

రెండేళ్ల కిందట విజయవాడ బందరు రోడ్డులో జరిగిన స్వచ్ఛంద సంస్థల సమావేశం మీకు గుర్తుండే ఉంటుంది. విదేశీ గ్రాంట్లు, పరిశోధన నిధులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి, తెలుగులో చెప్పి, దరఖాస్తుకు కావలసిన ప్రభుత్వ ఉత్తరాలు వారంలోపు ఇప్పించే సహాయ కేంద్రం జిల్లాకొకటి పెడతామని వేదిక మీద మీరే మాటిచ్చారు. ఆ సాయంత్రం వారధి దాటి గుంటూరు బస్సులో తిరిగొస్తూ మేం నలుగురం ఎవరెవరు ఏ పనికి దరఖాస్తు రాయాలో కాగితం మీద రాసుకున్నాం. ఆ కాగితం ఇప్పటికీ నా డైరీలో మడిచి ఉంది. ఆ సహాయ కేంద్రం మాత్రం ఏ జిల్లాలోనూ నాకు కనిపించలేదు.

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అదే ఎఫ్‌సీఆర్‌ఏ గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. 2020 సెప్టెంబరు సవరణ మా బోటి చిన్నవాళ్లను ఎక్కడ నిలబెట్టిందో ఒక్కటే చెబుతాను. అంతకు ముందు హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో ఉన్న పెద్ద సంస్థ గ్రాంటు తెచ్చుకుని అందులో కొంత మాకు పంపేది. దరఖాస్తు వాళ్లు రాసేవాళ్లు, ఊళ్లలో పని మేం చేసేవాళ్లం. ఇప్పుడు ఒకరికి వచ్చిన విదేశీ నిధి ఇంకొకరికి ఇవ్వకూడదు. కాబట్టి ప్రతి చిన్న సంఘం తన గ్రాంటు తానే వెతుక్కోవాలి, ఇంగ్లీషులో తానే రాసుకోవాలి. పరిపాలన ఖర్చు అంతకు ముందు 50 శాతం దాకా పెట్టుకోనిచ్చేవారు, ఇప్పుడు 20 శాతం దాటకూడదు. దరఖాస్తులు రాయడానికి ఒక మనిషిని జీతమిచ్చి పెట్టుకుందామంటే ఆ డబ్బు చాలడం లేదు.

చట్టం కేంద్ర ప్రభుత్వానిది, దాని మీద మీకు ఫిర్యాదు చేయడం లేదు. చెప్పినవన్నీ చేశాం. ఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో ఖాతా తెరిచాం. ఏటా డిసెంబరు 31 లోపు విదేశీ నిధుల లెక్క చెప్పే ఎఫ్‌సీ-4 రిటర్ను వేస్తున్నాం. అయిదేళ్లకోసారి రెన్యువల్‌కి పరిగెడుతున్నాం. ఇన్ని గడపలు దాటినవాళ్లం మన జిల్లాలో, ఒక విదేశీ గ్రాంటు దరఖాస్తుకు కావలసిన ఒక పేజీ ప్రభుత్వ ఉత్తరం దగ్గర ఆగిపోయాం.

అసలు ఆ దరఖాస్తు దేనికి పెట్టామో వినండి. 2021లో నల్లతామర పురుగు పడి మిరప తోటలు ఎలా మాడిపోయాయో ఈ జిల్లాలో చంటిపిల్లాడిని అడిగినా చెబుతాడు. ఆ భయంతో అప్పటి నుంచి రైతులు మందు కొట్టడం పెంచారు. వాళ్లను తప్పుపట్టను, ఎకరానికి పెట్టిన పెట్టుబడి అలాంటిది. మందు కొట్టిన చేలో రెండో రోజో మూడో రోజో కోతకు దిగేది మాత్రం ఆడవాళ్లు. మన ఊళ్ల వాళ్లు, కర్నూలు నుంచి పిల్లల్ని చంకనేసుకుని వలస వచ్చేవాళ్లు.

కిందటేడు ఫిబ్రవరిలో చేను గట్టున వేసిన ఒక గుడారం దగ్గర కూర్చున్నాను. పొద్దుగుంకాక ఒకామె కోత నుంచి వచ్చి, నీళ్ల మజ్జిగ పోసిన సత్తు గిన్నెలో రెండు చేతులూ మణికట్టు దాకా ముంచి కూర్చుంది. వేళ్ల సందుల్లో తోలు లేచిపోయి ఎర్రగా ఉంది. తొమ్మిది నెలల పిల్ల పాకుతూ వచ్చి ఒళ్లో పడింది. పిల్ల ముక్కు కారుతుంటే ఆమె వేళ్లతో తుడవలేదు, మోచేయి వంచి ఆ వంపుతో తుడిచింది. అలవాటైన పని అది. ఆ మంటలో కారం ఎంత, మందు ఎంత అని అడిగితే ఆమెకు తెలీదు, నాకూ తెలీదు. డాక్టరుకైనా రక్తపరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుమందులు ఒంట్లోకి పోతే రక్తంలో కోలినెస్టరేస్ అనే ఎంజైము పని తగ్గుతుంది. కోతకు ముందు ఒకసారి, కోత నడుస్తుండగా ఒకసారి, కోతలయ్యాక ఒకసారి 200 మంది ఆడవాళ్లకు ఈ పరీక్ష చేయించాలన్నది మా ఆలోచన. ఇద్దరు డాక్టర్లు, ఒక కాలేజీ అధ్యాపకురాలు ముందుకొచ్చారు. ఎథిక్స్ కమిటీ అనుమతి తెచ్చుకున్నాం. గ్రాంటు ఖాయమైతే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ద్వారా ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీకి వెళ్లాల్సి ఉంటుందనీ తెలుసుకుని, దానికి కావలసిన కాగితాలూ సర్దిపెట్టుకున్నాం. జెనీవాలోని ఒక నిధుల సంస్థ అక్టోబరులో ప్రకటన ఇచ్చింది. మొదటి దశలో పంపిన రెండు పేజీల ఆలోచన వాళ్లకు నచ్చింది. పూర్తి దరఖాస్తు పంపమని మెయిలు వచ్చిన రోజు మా ఆఫీసు గదిలో మేం ఏడ్చినంత పని చేశాం. ఏడాదిన్నరకు 40,000 డాలర్లు, మన లెక్కలో 35 లక్షల దాకా.

ఒక్క షరతు పెట్టారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్షలు చేసుకోవడానికి అభ్యంతరం లేదని, సహకరిస్తామని స్థానిక ప్రభుత్వ కార్యాలయం నుంచి ఒక పేజీ ఉత్తరం కావాలన్నారు. న్యాయమైన షరతే. వేల మైళ్ల దూరాన ఉన్నవాళ్లు డబ్బిచ్చే ముందు ఇక్కడి ప్రభుత్వానికి ఈ సంగతి తెలుసా అని అడగరా?

కార్తీకమాసం ఆఖరి సోమవారం జిల్లాలోని ఒక కార్యాలయంలో అర్జీ ఇచ్చాను. ఉత్తరం నమూనా కూడా మేమే టైపు చేసి, సంతకానికి చోటు వదిలి జతచేశాం. ఇన్‌వర్డ్ నంబరు వేసి రసీదు ఇచ్చారు. పది రోజులయ్యాక వెళితే ఇది మా సెక్షన్ కాదమ్మా అన్నారు. ఆ సెక్షన్‌కి వెళితే కింది ఆఫీసుకు రిమార్కుల కోసం పంపామన్నారు. కింది ఆఫీసువాళ్లు మాకు ఏదీ రాలేదన్నారు. మళ్లీ పైకి వచ్చాను. సారు క్యాంపులో ఉన్నారు. మళ్లీ వచ్చాను. ఫైలు సర్క్యులేషన్‌లో ఉంది. ఇలా తొమ్మిదిసార్లు తిరిగాను. ప్రతిసారీ మెట్ల పక్కన అదే బల్ల మీద కూర్చున్నాను. ఒకరోజు నాకు షుగరు తగ్గి కళ్లు తిరిగితే అటెండరే పరిగెత్తుకెళ్లి టీ తెచ్చిచ్చాడు. ఆ పిల్లాడు చల్లగా ఉండాలి.

ఎనిమిదోసారి వెళ్లినప్పుడు సెక్షన్ గుమాస్తా నన్ను పక్కకు పిలిచి ఉన్నమాట చెప్పాడు. ఇది విదేశీ డబ్బు వ్యవహారం, రేపు ఎవరైనా అడిగితే సంతకం పెట్టిన సారూ, ఫైలు పెట్టిన నేనూ జవాబు చెప్పుకోవాలి, మా దగ్గర ఇలాంటి ఉత్తరానికి ఆర్డరంటూ ఏదీ లేదమ్మా అని. మంత్రిగారూ, అతని మీద నాకు కోపం లేదు. ఇలాంటి ఉత్తరం ఎవరివ్వాలి, ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, ఇచ్చినంత మాత్రాన డబ్బుకు బాధ్యత పడదని ఎక్కడ రాసుంది? ఒక్క జీవో అతని బల్ల మీద ఉండి ఉంటే ఆ ఉత్తరం నాకు కార్తీకంలోనే వచ్చేది. ఆ జీవో మీరు ఇవ్వవలసింది.

భోగి ముందు రోజు తొమ్మిదోసారి వెళ్లాను. పండగ తరవాత రమ్మన్నారు. మా గడువు ముక్కనుమ నాడు, జెనీవా సాయంత్రం అయిదు గంటలకు. మనకు రాత్రి తొమ్మిదిన్నర.

ఆ రోజు మా ఇంట్లో పండగ లేదు. బడ్జెట్, పనుల పట్టిక, డాక్టర్ల అర్హతలు ఒక్కొక్కటీ ఎక్కిస్తూ వచ్చాం. ప్రభుత్వ ఉత్తరం పెట్టాల్సిన గడి పక్కన ఎర్ర చుక్క ఉంది, అది నింపితే తప్ప దరఖాస్తు ముందుకు కదలదు. తొమ్మిదీ ఇరవైకి ఇక దారిలేక మా అర్జీ రసీదునే స్కాన్ చేసి ఆ గడిలో పెట్టాం. ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ఒక పొడి సంతకం ఉన్న అరచేయంత కాగితం. అడిగామని అయినా వాళ్లకు తెలుస్తుంది కదా అనుకున్నాం.

మూడు వారాలకు జవాబొచ్చింది. తప్పనిసరి పత్రం లేనందున దరఖాస్తు పరిశీలనకు తీసుకోలేదట. మేం రాసిన నలభై పేజీల్లో ఒక్క పేజీ కూడా ఎవరూ చదవలేదు. అదే నెలలో నా ఫోనుకు ఇంకో సందేశం వచ్చింది, నా అర్జీ పరిష్కారమైందని. ఏం పరిష్కరించారో అడగడానికి వెళితే ఆ ఫైలు మూసేశామన్నారు.

ఇది నా ఒక్కదాని గోడు అనుకోకండి. మా ఊరి అమ్మాయి ఒకతె, జీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేసింది. హైదరాబాద్ నుంచే నడిచే, వైద్య, జీవశాస్త్ర పరిశోధకులకిచ్చే ఇండియా అలయన్స్ ఫెలోషిప్‌లు 2008 నుంచి ఉన్నాయన్న సంగతి ఆమెకు అర్హత గడువు దాటాక తెలిసింది. తెలిసినవాళ్లెవరూ లేరు, చెప్పే చోటు లేదు. మాకు తెలిసిన ఇంకో సంఘంవాళ్లు, విదేశీ గ్రాంటు ఇప్పిస్తానని విజయవాడలో ఒకడు చెబితే నమ్మి రెండు లక్షలు ముందుగా కట్టి పోగొట్టుకున్నారు. నిజమైన దాతలు దరఖాస్తుకు డబ్బు అడగరని ఒక ప్రభుత్వ ఆఫీసులో తెలుగులో ఒక్క కాగితం అంటించి ఉంటే ఆ సంఘాన్ని నడిపే ముసలాయన తన భార్య గాజులు కుదువ పెట్టేవాడు కాదు.

ప్రపంచం మన మట్టి వైపు చూడదనీ కాదు. 2024లో పోర్చుగల్‌లోని లిస్బన్‌లో ఇచ్చిన గుల్బెంకియన్ మానవతా పురస్కారం పంచుకున్నవాళ్లలో మన ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయం ఉంది. మొత్తం పది లక్షల యూరోల పురస్కారం అది. మన పనిని లిస్బన్ దాకా చెప్పగలిగిన రైతు సాధికార సంస్థ ఈ గుంటూరులోనే ఉంది. దాని వెనక ప్రభుత్వం నిలబడింది. అందులో నూరో వంతు అండ ఊళ్లలోని చిన్న సంఘానికి దొరకదా? ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం నడిపే ప్రపంచ పర్యావరణ నిధి (జీఈఎఫ్) చిన్న గ్రాంట్ల పథకం 1992 నుంచి ఉంది, నేరుగా మా బోటి ఊరి సంఘాలకే ఇస్తుంది. మన మండలాల్లో ఎంతమందికి ఆ పేరు తెలుసో కనుక్కోండి. 2025 జూలైతో అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ తన సహాయ పనులు ఆపేశాక దాని మీద బతికినవాళ్లంతా మిగిలిన గుమ్మాల ముందే నిలబడుతున్నారు. ఆ వరసలో మేం ఒట్టి చేతులతో, ఒక రసీదు పట్టుకుని నిలబడ్డాం.

భవనం అడగడం లేదు, బడ్జెట్ అడగడం లేదు. ఇలాంటి ఉత్తరం ఎవరివ్వాలో, ఎన్ని రోజుల్లో ఇవ్వాలో చెప్పే ఒక జీవో ఇవ్వండి. జిల్లాకొక మనిషిని కూర్చోబెట్టండి, మంచి ఇంగ్లీషు వచ్చి, ఓపికగా తెలుగులో చెప్పగలిగిన మనిషిని. ఇవ్వకూడదనుకుంటే ఇవ్వం అని రాసిచ్చినా సరే, వేరే దారి వెతుక్కుంటాం. ఆ సమావేశంలో మీరిచ్చిన మాటే అడుగుతున్నాను. దయచేసి ఆ జీవో ఇవ్వండి.

ఆ జెనీవా సంస్థ ఈ అక్టోబరులో మళ్లీ ప్రకటన ఇస్తుంది. పూర్తి దరఖాస్తుకు గడువు మళ్లీ సంక్రాంతి దగ్గరే పడుతుంది. మా డాక్టర్లిద్దరూ ఇంకా వస్తామంటున్నారు. కోతలు జనవరిలో మొదలవుతాయి. పాత ఇన్‌వర్డ్ రసీదు, ఉత్తరం నమూనా, పూర్తి ప్రతిపాదన మూడూ ఒక సంచిలో పెట్టి ఉంచాను. సచివాలయానికి రమ్మంటే మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు వస్తాను.

ఇట్లు,
మిరప కోత మహిళా కూలీల కోసం పనిచేసే ఒక సంఘం కార్యదర్శి,
గుంటూరు