తూలుతున్నామని చెప్పాక ఏం చేస్తున్నారు?

సంపాదకుడు గారికి,

అయ్యా,

బీపీ, షుగరు లాంటి అంటువ్యాధులు కాని జబ్బుల (ఎన్‌సీడీ) సర్వేలో భాగంగా ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి నింపే సీబ్యాక్ అనే ఆరోగ్య ప్రశ్నల పత్రంలో 60 ఏళ్లు దాటినవారి కోసం ప్రత్యేకంగా ఒక ప్రశ్న ఉంది: నిలబడినప్పుడు గానీ, నడిచేటప్పుడు గానీ తూలుతున్నారా అని. నిరుడు వేసవిలో, 78 ఏళ్ల మా అమ్మ ఆ ప్రశ్నకు, "పొద్దున మంచం దిగేటప్పుడు తూలుతుందమ్మా, గోడ పట్టుకుంటే సర్దుకుంటుంది" అని జవాబిచ్చింది. 'అవును' గడిలో టిక్కు పడింది. దగ్గరి ఆరోగ్య కేంద్రానికి వెళ్లమన్నారు, వెళ్లాం. అక్కడ కూర్చోబెట్టి బీపీ చూసి, బలానికి మాత్రలిచ్చి పంపారు. మూడు నెలలు తిరక్కుండానే ఒక తెల్లవారుజామున బాత్రూము గడప దగ్గర తడి నాపరాయి మీద కాలుజారి పడింది. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రి వైద్యుడు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూస్తే పై అంకె 150 నుంచి 122కు దిగింది. అయిదు నిమిషాలు పడుకోబెట్టి, లేచాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ చూసినప్పుడు ఆ అంకె 20 గానీ అంతకు మించి గానీ తగ్గితే, వాడుతున్న బీపీ, నిద్ర మాత్రలను సరిచూడాలట. అంతకు ముందే రెండుసార్లు పడిన సంగతి కూడా ఆమె ఆ రోజే బయటపెట్టింది. చెబితే గుడికి ఒంటరిగా పోనివ్వరని దాచిందట. మా ఇంట్లో ఎవరమూ అడగలేదనుకోండి, అది వేరే సంగతి.

ఇవేవీ యంత్రాలతో పని ఉన్న పరీక్షలు కావు. ఏడాదిలో పడ్డారా, తూలుతున్నారా, పడతామని భయపడుతున్నారా అనే మూడు ప్రశ్నలతో మొదలుపెట్టే పద్ధతిని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఏనాడో రూపొందించింది. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పట్టే వృద్ధులకు పడే ముప్పు ఉన్నట్టు ఆ పద్ధతి లెక్క. దీనికి కావలసింది ఒక కుర్చీ, నేల మీద సుద్దగీత, చేతి గడియారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు. వారిలో 80 శాతానికి పైగా మనలాంటి అల్ప, మధ్యాదాయ దేశాలవారే.

70 దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు ఉచిత వైద్యం 2024 అక్టోబరులో కేంద్రం ప్రారంభించింది. సంతోషమే. కానీ ఎముక విరిగాక మంజూరయ్యే ఆ సొమ్ముతో పోలిస్తే, బాత్రూము గోడకు కడ్డీ బిగించమని, నిద్ర మాత్ర తగ్గించవచ్చేమో డాక్టరును అడగమని ముందే చెప్పించడానికి అయ్యే ఖర్చు ఎంత? బీపీ, షుగరు మాత్రల కోసం నెలనెలా వచ్చే వృద్ధులకు కనీసం ఏడాదికొకసారి నిలబెట్టి బీపీ చూసి, ఆ మూడు ప్రశ్నలూ కుటుంబ సభ్యులు పక్కన లేనప్పుడు అడిగే ఏర్పాటు చేయాలి. సీబ్యాక్ పత్రాల్లో తూలుతున్నామని చెప్పిన వృద్ధులు మన జిల్లాలో ఎందరో, వారిలో ఎందరికి ఆ తర్వాత పరీక్ష జరిగిందో వైద్య ఆరోగ్య శాఖ అధికారులు లెక్క ప్రకటించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తెనాలి