డెంటల్ క్లినిక్ కోట్లు ఇంటి బట్టల్లో కలపొద్దు

ఎడిటర్ గారికి,

గుంటూరు అరండల్‌పేటలో నాకు చిన్న లాండ్రీ షాపు ఉంది. బ్రాడీపేట, కొత్తపేట వైపు డెంటల్ క్లినిక్‌ల కోట్లు, స్క్రబ్స్ (క్లినిక్‌లో వేసుకునే వదులు చొక్కా, ప్యాంటు) మా దగ్గరకు ఉతుకుడికి వస్తాయి. క్లినిక్ వాళ్లు విడిగా పంపేవి తక్కువ. అక్కడ పనిచేసే ఆడపిల్లలు ఇంటి బట్టలతో కలిపి మూటకట్టి తెచ్చేవే ఎక్కువ. అదే మూటలో చంటిపిల్లల జుబ్బాలూ ఉంటాయి. నా బాధ అదే.

పన్ను అరగదీసే మిషన్ నిమిషానికి 3 లక్షల సార్లకు పైగా తిరుగుతుందట. దాంతో చిమ్మే నీటి తుంపర్లలో ఉమ్మి, నెత్తురు కలిసి ఉంటాయని మా ఖాతాదారైన ఒక డెంటిస్టు గారు చెప్పారు. ఆయన చెప్పకపోయినా కోటు చూస్తే నాకు తెలుస్తుంది. మరకలన్నీ ముంజేతుల దగ్గర, ఛాతీ మీదే. డాక్టరు పక్కన నిలబడి ఉమ్మి లాగే గొట్టం పట్టుకునే అమ్మాయికి చాలాచోట్ల సరైన సైజు కోటు కూడా ఉండదు. డాక్టరు గారి పాత కోటు ఇచ్చి చేతులు మడుచుకోమంటారు. ఆ మడత విప్పితే దూది, తెల్లపొడి, ఎండిన నెత్తురు. లేదంటే పొట్టిచేతుల స్క్రబ్స్, అంటే మోచేయి కింద ఏ అడ్డూ లేనట్టే. 2020లో కరోనా భయంతో తల నుంచి కాళ్ల దాకా కప్పుకున్నవాళ్లే ఇప్పుడు ఇలా ఉన్నారు!

జేబుల సంగతి ఇంకా ఘోరం. వాడేసిన గ్లోవ్స్, సూది మూతలు దొరుకుతుంటాయి. పళ్ల క్లిప్పులకు వాడే తీగముక్క మా కుర్రాడి వేలికి గుచ్చుకుంది. ఆ క్లినిక్‌కు ఫోన్ చేస్తే, "కొత్త తీగే అయ్యుంటుంది లెండి" అన్నారు. టీటీ వేయించాను, నెత్తుటి ద్వారా అంటి కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి జబ్బుకు టీకా కూడా మొదలుపెట్టించాను. అది ఆరు నెలల్లో మూడు డోసులు. ఆ వైరస్ ఎండిన నెత్తుటిలో కూడా వారం దాకా బతికి ఉంటుందని తెలిశాక ఎవరికైనా టెన్షన్ ఉండదా?

ఉతికితే పోదా అంటారు. నెత్తుటి మరక మీద మొదటే వేడినీళ్లు పోస్తే అది బట్టకు పట్టేస్తుంది. ముందు చల్లనీళ్లలో చేత్తో జాడించాలి, ఆ చేతులు మావి. తర్వాత 71 డిగ్రీల వేడినీళ్లలో 25 నిమిషాలు ఉంచాలన్నది ఆసుపత్రి బట్టలకు అమెరికా వాళ్ల లెక్క. మా నాన్న రోజుల్లో బానలో సోడా వేసి ఉడకబెట్టేవాళ్లు. ఇప్పుడు ఇళ్లల్లో మిషన్ తిప్పేది చల్లనీళ్లతోనే కదా. రంగు స్క్రబ్స్‌కు బ్లీచింగ్ వేస్తే వెలిసిపోతాయని మళ్లీ గొడవ.

నెత్తురంటిన కోటును పనివాళ్లు ఇంటికి తీసుకెళ్లి ఉతుక్కోకూడదని, ఆ ఖర్చు యజమానే పెట్టుకోవాలని అమెరికాలో 1991 నుంచే నిబంధన ఉంది. మన దగ్గర 2016 బయోమెడికల్ వేస్ట్ (ఆసుపత్రి చెత్త) నిబంధనల ప్రకారం ఆ చెత్త ముట్టుకునే వాళ్లకు హెపటైటిస్-బి, టెటనస్ టీకాలు వేయించాల్సింది ఆసుపత్రులే. చెత్త పట్టుకునే వాళ్లకు ఇచ్చిన విలువ ఆ కోటు ఉతికేవాళ్లకు దక్కలేదు.

పేషెంట్ల గురించి కూడా ఒక మాట. కొన్ని క్లినిక్‌ల నుంచి కోట్లు వస్తాయి గానీ మెడ కింద కప్పే గుడ్డలు రావు. అక్కడ కాగితంవి వాడుతుంటే మంచిదే. గుడ్డ కప్పితే మాత్రం ఇది ఉతికిందేనా అని పేషెంట్లు మొహమాటపడకుండా అడగాలి. కళ్లద్దాలు కూడా అడగండి, పళ్లల్లో నింపిన పాత సిమెంటు ముక్కలు ఎగిరి కళ్లల్లో పడగలవు.

ఇండియన్ డెంటల్ అసోసియేషన్ పెద్దలు తమ సభ్యులకు ఒక మాట చెబితే బాగుంటుంది. పనిచేసే పిల్లలకు పొడుగు చేతుల కోట్లు సైజు చూసి కుట్టించాలి, వాటిని క్లినిక్‌లోనే విప్పించాలి. జేబులు చూసి, విడి సంచిలో, క్లినిక్ ఖర్చుతోనే ఉతుకుడికి పంపాలి. అలా పంపితే ఆ బట్టలకు విడిగా మిషన్ నడపడానికి నేను సిద్ధం. రేటు కాస్త ఎక్కువ పడుతుంది, ముందే చెబుతున్నాను.

– ఒక లాండ్రీ షాపు యజమాని,
అరండల్‌పేట, గుంటూరు