చుక్కలు వేసి కంటి లోపల చూడమనండి: ఆరోగ్య శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మా నాన్నగారు మూడేళ్లు వరసగా కంటి పరీక్షకు వెళ్లారు. ప్రతిసారీ చార్టులో ఆఖరి వరస గడగడా చదివేశారు. కంటి ప్రెషర్ నార్మల్ అన్నారు, అద్దాలు మార్చి పంపేశారు. ఒక్కసారి కూడా కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి లోపల చూడలేదు. మెట్టు అంచు కనబడక పడిపోయాక వేరే డాక్టరు గారు చూస్తే గ్లకోమా, అంటే కంటి నుంచి మెదడుకు వెళ్లే ఆప్టిక్ నరం దెబ్బతినే జబ్బు అని తేలింది. కంటి లోపల తీసిన ఫోటో నాకూ చూపించారు. ఆప్టిక్ నరం మధ్యలో ఉండే చిన్న గుంట బాగా పెద్దదై, చుట్టూ ఉండాల్సిన నారింజ రంగు అంచు ఒకపక్క దారంలా మిగిలింది.

చార్టు చెప్పేది నడిమి చూపు సంగతే. ఈ జబ్బు సాధారణంగా ముందు పక్క చూపును తినేస్తుంది, ప్రెషర్ నార్మల్‌గా ఉన్నా రావచ్చు. నరంలోని సుమారు 10 లక్షల పోగుల్లో పోయినవి తిరిగి రావు. షుగర్‌తో రెటీనా (కంటి లోపల వెనక ఉండే తెర) దెబ్బతిన్నా మొదట్లో చూపు బాగానే ఉంటుంది.

కంటి లోపల చూసే ఆఫ్తాల్మోస్కోప్ 1851 నాటిది. రెటీనా పొరల మందాన్ని మైక్రాన్లలో కొలిచే ఓసీటీ స్కాన్ 1991లోనే వచ్చింది. ఓసీటీ అన్నిచోట్లా పెట్టమని అడగను. ప్రతి కంటి విభాగంలో కంటి లోపలి వెనక భాగాన్ని ఫోటో తీసే ఫండస్ కెమెరా, ఆ ఫోటో చదవగల స్పెషలిస్టు ఉండాలి. అనుమానం ఉన్నవాళ్లకు ఓసీటీ, పక్క చూపును కొలిచే ఫీల్డ్ టెస్ట్ చేయించాలి. షుగర్ ఉన్నవాళ్లను ఏడాదికోసారి పిలవాలి. చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది కాబట్టి తోడు తెచ్చుకోమని ముందే చెప్పించండి. ఆ టెన్షన్‌తోనే చాలామంది వద్దంటున్నారు.