థ్రిఫ్ట్ స్టోర్లో అన్నీ చవగ్గా దొరుకుతాయన్న మాట పాతబడింది

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఆగస్టు, జనవరి సెమిస్టర్లు మొదలయ్యే ముందు అమెరికా బయలుదేరే పిల్లలకి మన పత్రికల్లో, యూట్యూబ్‌లో, కన్సల్టెన్సీల మీటింగుల్లో చెప్పే జాగ్రత్తల్లో ఒక మాట తప్పకుండా ఉంటోంది. "సామాన్లు ఎక్కువ మోసుకెళ్ళకండి, అక్కడ థ్రిఫ్ట్ స్టోర్లు ఉంటాయి, కోటు, గిన్నెలు, టేబులు అన్నీ నాలుగైదు డాలర్లకే వచ్చేస్తాయి" అని. పదేళ్ళ క్రితం అయితే నేనూ ఇదే చెప్పేదాన్ని, అప్పుడది నిజం. ఇప్పుడు ఆ లెక్క నమ్ముకుని దిగుతున్న పిల్లలు మొదటి నెలలోనే చేతిలో డబ్బు చాలక ఇబ్బంది పడుతున్నారు. నేను కాన్సస్ సిటీ శివార్లలో ఉంటాను. ఇక్కడి యూనివర్సిటీలకి వచ్చే మన పిల్లల్ని ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావడం, మొదటి వారం షాపులకి తిప్పడం మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. కాబట్టి కళ్ళారా చూస్తున్నదే రాస్తున్నాను.

ఈ దుకాణాల సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. జనం తమకి అక్కర్లేని బట్టలు, సామాన్లు ఉచితంగా తెచ్చి ఇస్తారు, వాటిని ఏరి, ధర చీటీ అంటించి అమ్ముతారు. 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే మెథడిస్టు పాస్టరు గుడ్‌విల్ అనే థ్రిఫ్ట్ స్టోర్ల సంస్థ మొదలుపెట్టింది ఇలాగే. డబ్బున్న పేటల్లో తిరిగి పాతవి సేకరించడం, పనిలేని పేదలకి, వలస వచ్చినవాళ్ళకి వాటిని బాగుచేసే పని ఇచ్చి కూలి ఇవ్వడం, బాగుచేసినవి తక్కువకి అమ్మడం. అంటే పని దొరికేదీ పేదలకే, వస్తువు చేరేదీ పేదలకే. వలస వచ్చినవాళ్ళ కోసం మొదలైన దుకాణం కనుకనే మనలాంటి వాళ్ళకి అంత బాగా పనికొచ్చింది. ఇక్కడ కాపురం పెట్టిన తెలుగువాళ్ళలో మొదటి కోటు, మొదటి సోఫా అక్కడ కొనని ఇల్లు నాకు తెలిసి చాలా తక్కువ.

మరి ఏం మారింది? మొదటిది, అందరి చేతుల్లోకి ఫోను వచ్చింది. వెనక కూడా పాతవి కొని లాభానికి అమ్ముకునేవాళ్ళు ఉండేవాళ్ళు, కాదనను, కానీ వాళ్ళకి సరుకు తెలిసుండాలి, ఏ పింగాణీ ఎక్కడిది, ఏ గడియారం ఎంత పలుకుతుందన్నది ఏళ్ళ తరబడి నేర్చుకోవాలి. ఇప్పుడు ఆ అవసరం లేదు. ఫోనులో ఫొటో తీస్తే వస్తువు పేరు వచ్చేస్తుంది, ఈబేలో అదే వస్తువు ఈమధ్య ఎంతకి అమ్ముడయ్యిందో చూడొచ్చు, పుస్తకమైతే బార్‌కోడ్ మీద ఫోను పెడితే చాలు, అమెజాన్‌లో ఎంత మిగులుతుందో లెక్క కూడా వచ్చేస్తుంది. పాత బట్టలు ఫోనులోనే అమ్ముకునే యాప్‌లు పాష్‌మార్క్, డెపాప్ రెండూ 2011లో పుట్టినవి. డెపాప్‌ని 2021లో ఎట్సీ అనే ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ 160 కోట్ల డాలర్లకి పైగా పెట్టి కొన్నది. పాత బట్టల వ్యాపారంలో ఎంత డబ్బు తిరుగుతోందో దీన్నిబట్టే తెలుస్తుంది.

రెండోది, జనానికి కనపడనిది, నా ఉద్దేశంలో ఎక్కువ నష్టం చేసింది, ఏమిటంటే ఆ ఫోను దుకాణం వాళ్ళ చేతిలో కూడా ఉంది. వెనక గదిలో ధర చీటీ అంటించేవాళ్ళు కూడా ఇంటర్నెట్ ధర చూసే అంటిస్తున్నారు. మంచివి అసలు షాపులోకి రావు. గుడ్‌విల్ వాళ్ళకి 1999 నుంచి ఆన్‌లైన్ వేలం సైటు ఉంది, 2022లో ఇంకో అమ్మకాల సైటు కూడా పెట్టారు. నగలు, మంచి హ్యాండుబ్యాగులు, కెమెరాలు, పాత బొమ్మలు చాలా ఊళ్ళలో నేరుగా అక్కడికే పోతాయి. గుడ్‌విల్ అంటే ఒకే సంస్థ కాదు, దాదాపు 150 ప్రాంతీయ సంస్థలు, ఎవరి ధరలు వాళ్ళవే, అందుకని ఒక ఊళ్ళో చవగ్గా ఉండి పక్క ఊళ్ళో మండిపోతూ ఉండొచ్చు. ఇక వాల్యూ విలేజ్ పేరుతో థ్రిఫ్ట్ స్టోర్లు నడిపే సేవర్స్ అయితే లాభం కోసమే నడిచే కంపెనీ, స్వచ్ఛంద సంస్థల పేరు మీద వచ్చే సామాన్లకి ఆ సంస్థలకి ఇంతని డబ్బు కట్టి కొంటుంది. 2023 జూన్‌లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్ట్ అయింది. షేర్లు కొన్నవాళ్ళకి లాభం చూపించాల్సిన దుకాణం ధర తగ్గించి అమ్ముతుందని ఎదురుచూడటం అత్యాశే.

ఇనప పెనం సంగతి చెప్తాను. దోసెలకి ఇక్కడ మనవాళ్ళు పోత ఇనప పెనాలు బాగా వాడతారు, నాన్‌స్టిక్ కంటే దోసె కరకరలాడుతూ లేస్తుంది, పదేళ్ళయినా పాడవదు. పెన్సిల్వేనియాలోని ఈరీ అనే ఊళ్ళో గ్రిస్‌వోల్డ్ అని ఒక కంపెనీ పెనాలు చేసేది, ఆ ఊళ్ళో ఫ్యాక్టరీ 1957లోనే మూతపడింది. ఆ పెనం తిరగేస్తే అడుగున గుండ్రటి ముద్రలో కంపెనీ పేరు, ఊరి పేరు ఉంటాయి. పైభాగం అరచేత్తో తడిమితే అద్దంలా నున్నగా ఉంటుంది, ఇప్పటి పెనాల్లా గరుకుగా ఉండదు, పిండి తిప్పుతుంటే గరిటె ఎక్కడా పట్టదు. ఒకప్పుడు థ్రిఫ్ట్ స్టోర్లో అడుగు అరలో, తుప్పు పట్టిన మూకుళ్ళ మధ్య, ఐదారు డాలర్లకి దొరికేది. తెచ్చి తుప్పు వదలగొట్టి, నూనె రాసి ఓవెన్లో పెట్టుకుంటే జీవితాంతం వాడుకోవచ్చు. ఈమధ్య మా దగ్గర్లోని ఒక షాపులో అదే పెనాన్ని కౌంటరు పక్కన తాళం వేసిన అద్దాల బీరువాలో చూశాను, చీటీ మీద 70 డాలర్లు. ముద్ర ఉన్నవైపు జనానికి కనపడేలా నిలబెట్టి పెట్టారు. దాన్ని కొనేవాళ్ళు దోసెలు పోసుకోరు, గోడకి తగిలించుకుంటారు లేదా ఇంకొకరికి అమ్ముతారు. బొమ్మలున్న పాత పైరెక్స్ గాజు గిన్నెలదీ అదే కథ. వంటకని చేసిన వస్తువు వంటింటికి అందకుండా పోతోంది, నా బాధ అది.

కోట్ల విషయం ఇంకా దారుణం. కాన్సస్ సిటీలో జనవరిలో మైనస్ 10 డిగ్రీల కిందికి పోయే రోజులుంటాయి, హైదరాబాద్‌లో కొన్న జాకెట్ ఇక్కడి గాలికి ఆగదు. నవంబరు మొదట్లో నల్గొండ నుంచి వచ్చిన ఒక అబ్బాయిని తీసుకుని వెళ్ళాను. కోట్ల వరస దగ్గర ఒకాయన బండి నిండా కోట్లు వేసుకుని, ఒక్కొక్కదాని మెడ దగ్గర లేబుల్ ఫొటో తీసి, ఫోనులో చూసి, పనికొచ్చేది ఉంచుకుని మిగతావి తిరిగి తగిలిస్తున్నాడు. ఆయన తీసుకున్నవన్నీ బాతు ఈకలు కూరినవి, ఊలువి. మిగిలినవాటిలో ఆ అబ్బాయికి సరిపోయింది ఒక్కటే, దాని జిప్పు ఊడింది, దాని మీద 25 డాలర్లు. అబ్బాయి ఫోనులో రూపాయల్లోకి మార్చి చూసుకుని ఏమీ అనకుండా తగిలించేశాడు. డాలరు 85 రూపాయలు దాటిన రోజుల్లో, బ్యాంకు లోను మీద వచ్చినవాడికి జిప్పు లేని కోటుకి రెండు వేల రూపాయలు పైనే అంటే మనసెలా ఒప్పుతుంది? ఆ కోట్లు ఏరుకున్నాయన తప్పు చేశాడని అనలేను, డబ్బు కట్టి కొన్నాడు, ఆయనకీ ఇల్లు గడవాలేమో. కానీ పాత కెమెరాలు, రికార్డులు, పింగాణీ బొమ్మలు వెతికి అమ్ముకోవడం వేరు, చలికాలం ముంగిట కోట్లు, బూట్లు, చిన్నపిల్లల స్వెట్టర్లు ఊడ్చుకుపోవడం వేరు. మొదటిదాని వల్ల ఎవరి ఒళ్ళూ వణకదు. రెండోది మాత్రం మానాలి, ముఖ్యంగా మనవాళ్ళు మానాలి, ఎందుకంటే ఈ వ్యాపారంలోకి మనవాళ్ళు కూడా బాగానే దిగుతున్నారు.

బట్టలకి కొరత ఉందనుకోకండి, అసలు సమస్య తిరగబడింది. వచ్చిపడే బట్టల్లో షాపులో అమ్ముడుపోనివి బేళ్ళు కట్టి విదేశాలకి పంపుతారు, కొంత మన గుజరాత్‌లోని కాండ్లా సెజ్‌కి (ప్రత్యేక ఆర్థిక మండలికి) కూడా వచ్చి అక్కడ రకాల వారీగా ఏరివేత జరుగుతుంది. కొరతంతా మంచివాటికే. వరసల్లో వేలాడేవాటిలో షీఇన్ లాంటి కంపెనీల పల్చటి బట్టలు ఎక్కువైపోయాయి, రెండు ఉతుకులకే సాగిపోయేవి, కొత్తవి ఆరు డాలర్లకి వచ్చే టాపు మీద పాతదానికి ఏడు డాలర్ల చీటీ చూశాను. పైన మంచివి ఆన్‌లైన్‌కి పోతే, మధ్యవి రీసెల్లర్లు, అంటే కొని లాభానికి తిరిగి అమ్ముకునేవాళ్ళు, పట్టుకుపోతే, ఇక మనకి మిగిలేవి ఇవే.

ఇక్కడ ఒక హెచ్చరిక, తల్లిదండ్రులు దయచేసి గట్టిగా పట్టించుకోవాలి. "థ్రిఫ్ట్‌లో కొను, ఆన్‌లైన్‌లో అమ్ము, నెలకి వేల డాలర్లు" అని తెలుగు రీల్స్ తెగ తిరుగుతున్నాయి. ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద ఉన్న పిల్లలు సెమిస్టరు జరిగేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకూ పనిచేయొచ్చు, అంతకు మించి అనుమతి లేకుండా డబ్బు సంపాదించే పని చేయకూడదు. తన పాత సైకిలు, టేబులు అమ్ముకుంటే ఎవరూ ఏమీ అనరు. లాభం కోసం వారం వారం కొని అమ్మడం వ్యాపారం కిందికి వస్తుంది, వీసాకే ఎసరు రావచ్చు. హెచ్-1బి ఉద్యోగుల భార్యకో భర్తకో ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉండి, వర్క్ పర్మిట్ లేనివాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. చేతిలో డబ్బు లేక టెన్షన్‌లో ఉన్న పిల్లలకి ఈ రీల్స్ ఆశ పెడతాయి, రీల్ చేసినవాళ్ళు మాత్రం వీసా సంగతి ఎక్కడా చెప్పరు. అనుమానముంటే యూనివర్సిటీలోని ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసులో అడగండి, ఫ్రెండ్స్‌ని కాదు.

అమెరికాలో స్థిరపడ్డ మన కుటుంబాలకి నా మనవి. పిల్లలు పెరిగి కోట్లు పొట్టివైపోయినప్పుడు, వంటింటి సామాను మార్చినప్పుడు సంచుల్లో కట్టి డొనేషన్ గేటు దగ్గర పెట్టేసి వస్తున్నాం. ఆ సంచిలోది ఎవరికి చేరుతుందో పైన చెప్పాను. రసీదు వస్తుంది, ట్యాక్స్ తగ్గుతుంది అంటారు చాలామంది. ఏ రసీదులూ చూపించకుండానే పన్ను లెక్కలో ఆదాయం నుంచి తీసేసే మొత్తాన్ని స్టాండర్డ్ డిడక్షన్ అంటారు, 2018 నుంచి అది దాదాపు రెట్టింపైంది, ఆ ఏడాది భార్యాభర్తలకి కలిపి 24,000 డాలర్లు, తర్వాత ఇంకా పెరిగింది. అందుకని దాన్ని వదులుకుని ఖర్చులు విడివిడిగా చూపించే కుటుంబాలు ఇప్పుడు చాలా తక్కువ. అలా చూపించనివాళ్ళకి ఆ బట్టల రసీదు ఎందుకూ పనికిరాదు. కాబట్టి కోట్లు, బూట్లు, కుక్కర్లు, పెనాలు, టేబుల్ లైట్లు నేరుగా పిల్లలకే ఇవ్వండి. గుళ్ళలో, తెలుగు సంఘాల్లో సంక్రాంతికి, ఉగాదికి హాలు తీసుకుంటాం కదా, సెప్టెంబరులో ఒక శనివారం అదే హాలులో కోట్లు పెట్టి పంచితే అయ్యే ఖర్చు అద్దె ఒక్కటే. మా వీధిలో నలుగురైదుగురం కలిసి గరాజ్‌లోనే చేస్తున్నాం, పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు, సైజుల వారీగా తగిలించి పెడితే చాలు, పిల్లలు వచ్చి వేసుకుని చూసుకుని పట్టుకుపోతారు. అమెరికన్లు 2013లో మొదలుపెట్టిన "బై నథింగ్" గ్రూపులు కూడా ఊరూరా ఉన్నాయి, పైసా తీసుకోకుండా ఇరుగుపొరుగు ఒకరికొకరు ఇచ్చుకునేవి, వచ్చిన పిల్లలు మొహమాటపడకుండా వాటిలో చేరాలి.

థ్రిఫ్ట్ స్టోర్లకి అసలు వెళ్ళొద్దని నేను అనడం లేదు. పుస్తకాలు, గాజు గ్లాసులు, దుప్పట్లు, ఫొటో ఫ్రేములు ఇంకా చవగ్గానే ఉంటున్నాయి. చాలా చోట్ల వారానికొక రంగు చీటీకి సగం ధర పెడతారు, ఆ రంగేదో ముందే కనుక్కుని వెళ్ళాలి. గుడ్‌విల్ అవుట్‌లెట్లని కొన్ని ఊళ్ళలో ఉంటాయి, అక్కడ బట్టలు తూకానికి అమ్ముతారు, కాకపోతే కొత్త తొట్టి తోసుకొచ్చేసరికి గ్లవ్స్ వేసుకున్న రీసెల్లర్లు చుట్టూ నిలబడి ఉంటారు, ఆ తోపులాటలో కొత్తగా వచ్చిన పిల్లలు నెగ్గుకురావడం కష్టం. మేలు ఏదంటే, మే నెలలో, డిసెంబరులో చదువులు అయిపోయి వెళ్ళే సీనియర్లు పరుపులు, కుర్చీలు, గిన్నెలు చాలా తక్కువకి, ఒక్కోసారి ఊరికే ఇచ్చేసి పోతారు. ఆగస్టులో వచ్చేవాళ్ళు ఏప్రిల్‌లోనే ఆ వాట్సాప్ గ్రూపుల్లో పలకరించి పెట్టుకోవాలి. కోటుకి, బూట్లకి కలిపి వంద డాలర్లకి తగ్గకుండా విడిగా పక్కన పెట్టుకుని రావాలి. మామూలు టీషర్టులు, లోపలి బట్టలు, స్టీలు గిన్నెలు ఊరినుంచే తెచ్చుకోవడం మేలు, ఇక్కడ పాతవి కొనడం కంటే అక్కడ కొత్తవే చవక. సూట్‌కేసులో పచ్చళ్ళకి ఒక డబ్బా తగ్గించుకున్నా పరవాలేదు, మందపాటి థర్మల్స్ రెండు జతలు, ఒక దోసె పెనం పెట్టుకోండి.

సంపాదకులకి ఒక విన్నపం. వచ్చే వేసవిలో విదేశీ చదువుల ప్రత్యేక పేజీలు వేసేటప్పుడు మొదటి నెల ఖర్చుల పట్టికలో "థ్రిఫ్ట్ స్టోరు, 50 డాలర్లు" అని పాత లెక్క వేయకండి. ఇక్కడ ఇప్పుడు చదువుతున్న పిల్లల్ని, వేర్వేరు ఊళ్ళవాళ్ళని, ఈ సెమిస్టరులో ఏది ఎంతకి కొన్నారో అడిగి అది వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు
ఓవర్‌లాండ్ పార్క్, కాన్సస్