డ్యూయీ గురించి సగమే రాశారు

సంపాదకుడిగారికి,

గ్రంథాలయ వారోత్సవాలప్పుడు మీ ప్రత్యేక పేజీలో, పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలిచ్చి అరల్లో సర్దే పద్ధతి తయారుచేసిన అమెరికన్ మెల్విల్ డ్యూయీ మీద వ్యాసం వచ్చి వారం దాటినా కోపం తగ్గక రాస్తున్నాను. పేజీ నిండా పొగడ్తలే. ఆయన నడిపిన లేక్ ప్లాసిడ్ అనే విడిది క్లబ్బులో యూదులకు, నల్లవాళ్లకు ప్రవేశం లేదన్న ముక్క ఎక్కడా లేదు. యూదుల మీద ఆ నిషేధానికి ఫిర్యాదులు వెళ్లాకే 1905లో న్యూయార్క్ రాష్ట్ర గ్రంథాలయాధికారి పదవికి ఆయన రాజీనామా చేశారు. ఆయన చేతులమీదుగా పుట్టిన అమెరికన్ లైబ్రరీ అసోసియేషనే జాతి వివక్షను, మహిళల పట్ల ఆయన ప్రవర్తనను ఎత్తిచూపి, 2019లో తన పతకం నుంచి ఆయన పేరు తీసేయాలని తీర్మానించింది. వాళ్లే ఒప్పుకున్నదాన్ని మనం దాచడం దేనికి?

మనిషిని వదిలేసి పద్ధతి చూడమంటారు. చూద్దాం. మతానికిచ్చిన 200 వరస అంకెల్లో 220 నుంచి 280 దాకా క్రైస్తవానికే. మిగతా ప్రపంచమంతా 290లో ఇరుక్కోవాలి: హిందూమతం 294.5, ఇస్లాం 297. 1930లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో నల్లవాళ్ల పుస్తకాల సేకరణ బాధ్యత తీసుకున్న లైబ్రేరియన్ డొరొతీ పోర్టర్ చూసింది మరీ ఘోరం. నల్లవాళ్లు రాసింది కవిత్వమైనా సరే, తెల్లవాళ్ల గ్రంథాలయాలు దాన్ని వలసల 325లోనో, బానిసత్వపు 326లోనో పెట్టేవి. ఆవిడ కవిత్వాన్ని కవిత్వంలో, చరిత్రను చరిత్రలో సర్దింది. లైబ్రరీ సైన్సు విద్యార్థులకు ముందు చెప్పాల్సిన పేరు ఇది.

ఇక మన తెలుగు. ఇంగ్లీషు నవలకు 823 చాలు. తెలుగు నవలకు 894.8273. ఆ 894లో తుర్కీ, హంగేరియన్, ఫిన్నిష్ కూడా మన పక్కనే. సన్నటి కవితా సంపుటి వెన్నుమీద ఇంత పొడుగు అంకె పట్టక 894.8 దగ్గర ఆపేస్తే తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం ఒకే అరలో కలగలిసిపోతాయి. అడిగిన పుస్తకం దొరకదు.

మందు ఆ పద్ధతిలోనే ఉంది. స్థానిక సాహిత్యానికి అక్షరం జోడించి, సాహిత్యాల వరసలో మొదట వచ్చే అమెరికన్ సాహిత్యపు 810 కంటే ముందే పొట్టి సంఖ్య ఇచ్చుకునే వెసులుబాటు డ్యూయీ పట్టికల్లోనే ఇచ్చారు. కవిత్వానికి 8తె1, నవలకు 8తె3 అని పెట్టుకోవచ్చు. వెన్ను చీటీ, లోపలి పేజీ మీది సంఖ్య, కంప్యూటర్ రికార్డు మూడూ ఒకేసారి మారాలి. ఒకటి మరిచినా పుస్తకం అరలో ఉండి కూడా పోయినట్టే. ఒక బీరువా పూర్తయ్యాకే రెండోది ముట్టుకోవాలి.

చేసే మనుషులేరీ? ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు జనం కడుతూనే ఉన్నారు. స్థానిక సంస్థలు దాన్ని బకాయి పెడతాయి, ఖాళీలు నింపరు, ఫ్లెక్సీలకు మాత్రం డబ్బులుంటాయి. 1914లోనే బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిపించిన అయ్యంకి వెంకటరమణయ్యగారి గడ్డ ఇది. సెస్సు బకాయిలు కట్టించి, తెలుగు సంఖ్యల మార్పుకు ఒక ఉత్తర్వు ఇవ్వాలి. రెండూ అధికారుల చేతిలో పనులే.

— ఒక గ్రంథాలయోద్యోగి, తెనాలి