విషయం: నా కారు రేడియోలో లేని చిప్పు పోయిందని తేల్చిన మీ సర్వీస్ సెంటర్ గురించి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

ఈ ఉత్తరమైనా ఎవరో ఒక మనిషి చదువుతారన్న ఆశతో రాస్తున్నాను.

మా అంబాసిడర్‌లోని పాత బటన్ల రేడియోలో మూడో బటన్ స్టేషన్‌ని పట్టి ఉంచడం లేదు. రిపేరు చిన్నదే. మీ హెల్ప్‌లైన్ అమ్మాయి మాత్రం "బ్లూటూత్ ఆపేసి మళ్ళీ ఆన్ చేయండి" అంది. అందులో అది లేదమ్మా అంటే, "అయితే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి సార్" అంది. ఓపిగ్గా చెప్పాను. బటన్ బయటికి లాగాలి, నాబ్ తిప్పుతూ 738 కిలోహెర్ట్జ్ మీద హైదరాబాద్ కేంద్రం శుభ్రంగా వినబడేచోట ఆపాలి, బటన్‌ని లోపలికంటా నొక్కాలి. అంతే, లోపలున్న చిన్న పలక అక్కడ బిగుసుకుంటుంది. తర్వాత ఎప్పుడు నొక్కినా కాయిళ్ళలోని ఫెర్రైట్ కడ్డీలు జరిగి ముల్లు అక్కడికే వస్తుంది. బ్యాటరీ పీకేసినా స్టేషన్ పోదు. ఇప్పుడా పలక జారుతోంది, ముల్లు ఇవతలే ఆగి గరగరమంటోంది. అంతా విని "లైన్‌లో ఉండండి" అంది. కాసేపు సంగీతం వచ్చింది, ఫోన్ కట్టయింది. సాయంత్రానికి మెసేజ్: "మీ సమస్య పరిష్కారమైంది. రేటింగ్ ఇవ్వండి."

ఇచ్చేవాణ్ణే, సున్నా నొక్కే వీలుంటే.

సరే, సెట్టు ఊడదీయించి మీ కౌంటర్‌లో ఇచ్చాను. జాబ్‌కార్డు మీద ఏం రాశారో తెలుసా? "మెమరీ ఐసీ పోయింది. పార్ట్ దొరకదు." మెమరీ ఐసీ అంటే స్టేషన్లు గుర్తుపెట్టుకునే చిప్పు. అసలది లేనే లేని సెట్టులో అది పోయిందని తేల్చిన ఆ మెకానిక్‌ని చూసి దండం పెట్టాలనుంది. అడిగితే ఇన్‌చార్జి భోజనానికెళ్ళారు. మర్నాడు మీటింగ్‌లో ఉన్నారు. ఆ తర్వాత సెలవు. కౌంటర్ కుర్రాడు ఫోన్‌లోంచి తలెత్తకుండా "ఇప్పుడు రేడియో యాప్‌లో వస్తుంది కదా అంకుల్" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని.

మా నాన్నగారి రోజుల్నుంచి మీ కంపెనీ రేడియోలే కొన్నాం. అప్పట్లో మీ మనిషి కారు దగ్గరికే వచ్చి, యాంటెన్నా పైకి లాగి, సిగ్నల్ బాగా అందేలా సరిచేసే ట్రిమ్మర్ స్క్రూ తిప్పి, విజయవాడ స్టేషన్ వినిపించి మరీ వెళ్ళేవాడు. ఆ మర్యాద ఏ అప్‌డేట్‌లో పోయింది?

సెట్టు విప్పి చూసినందుకని కట్టించుకున్న డబ్బు సంగతి కూడా తేల్చండి. పాత రేడియో విప్పడం వచ్చిన మనిషి మీ దగ్గరుంటే పలక బిగించి ఇప్పించండి, లేకుంటే లేడని రాసివ్వండి. ఈ నెలాఖరులోగా జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కీ వెళ్తాను. అక్కడ హోల్డ్‌లో పెట్టి పాట వినిపించరు.

ఇట్లు,
మీ పాత కస్టమర్

తా.క.: నాబ్‌లు రెండూ విడిగా కవర్లో పెట్టారట. అవి పోయాయన్న మెసేజ్ మాత్రం పంపకండి.